పసుపు పట్టీ

ఏడు రోడ్ల కూడలి దాటాక
మా స్టూడియో గోడ మీద ఒక గూడబాతు ఉంటుంది.
ముక్కున చేప, చేప తోకకి ఒకే ఒక్క నీటిబొట్టు,
బొట్టులో తలకిందులైన చింతచెట్టు.
చూసినవాళ్లంతా అడుగుతారు: ఏ కెమెరా?
నేను మెడలో ఎర్ర అంచు పట్టీ సవరించుకుంటాను.
జవాబు చెప్పను.
చెప్పినట్టే ఉంటుంది.

ఉన్న కులాలు చాలవన్నట్టు
శ్రీకాకుళంలో మేం ఇంకో రెండు పుట్టించాం.
కెనానోళ్లు, నికానోళ్లు.
పెళ్లి పందిట్లో ఎదురుపడితే
తలంబ్రాల కన్నా ముందు మా మాటలు లేచేవి.
"మీ దాంట్లో పెళ్లికూతురికి పచ్చకామెర్లురా" అని మేము,
"మీ దాంట్లో పెళ్లికొడుకు ఉడకబెట్టిన రొయ్య" అని వాళ్లు.
టీ కొట్టు దగ్గర బెంచీలు వేరు.
మేనల్లుడు పసుపు పట్టీ కొనుక్కుంటే
మూడు నెలలు వాడి మొహం చూడలేదు నేను.
మా అక్క ఆమదాలవలస నుంచి బస్సెక్కి వచ్చి మరీ అడిగింది:
"ఏటిరా, ఆ కంపెనీవోళ్లు నీకు నెలజీతం ఇస్తన్నారేటి?"

ఇవ్వడం లేదక్కా.
వాయిదాలు నేనే కడుతున్నాను.
కట్టేవాడికే భక్తెక్కువ.

అందులోనూ అందరికన్నా నా గొంతు పెద్దది.
ఎందుకో ఈ ఊళ్లో ఒక్కడికే తెలుసు.
గేదెల తవిటినాయుడు. పసుపు పట్టీ వాడు.

తేలినీలాపురం. జనవరి. ఇంకా తెల్లారలేదు.
నౌపడా వైపు నుంచి ఉప్పుగాలి.
బురదలో ఇద్దరం, ఇరవై అడుగుల దూరంలో,
ఒకరికొకరం కనబడనట్టు.
పైన గూళ్లలో పిల్లలు ఆకలికి ఒకటే గోల.
సరిగ్గా కొమ్మల్లోకి వెలుగు దిగే వేళకి
నా కెమెరా చచ్చింది.
బ్యాటరీ తీశాను, ఊదాను,
చంకలో పెట్టి వెచ్చబెట్టాను,
అరసవల్లి సూర్యుడికి మొక్కాను, అదే సూర్యుడు
నా మొహమ్మీదే లేస్తూ ఉంటే.

తవిటినాయుడు చూశాడు.
నవ్వుతాడనుకున్నాను.
దగ్గరికొచ్చి, తన మెడలోది తీసి నా మెడలో వేశాడు.
"నాను నిన్నంతా తీసీసినాన్లే.
ఎలుగెల్లిపోతాది, కానియ్."

పట్టీ వాడి చెమటకి తడిగా ఉంది.
జూము తిప్పబోతే
నా చేతికి అలవాటైన దిక్కు కాదు, ఎదురు దిక్కు.
అయినా పదకొండు సార్లు మీట నొక్కాను.
ఎనిమిదోది గోడ మీద ఉంది.

కార్డు తీసి చేతిలో పెట్టాడు, "తరవాతిచ్చీ" అన్నాడు.

విజయనగరంలో శాలువా కప్పినప్పుడు
మైకులో అడిగారు, ఏ కెమెరా అని.
మైకులోనే చెప్పాను, నా కంపెనీ పేరు.
మూడో వరసలో కూర్చుని
తవిటినాయుడు చప్పట్లు కొట్టాడు.
ఆ చప్పట్ల తరవాతే
పసుపు పట్టీ వాళ్లని తిట్టడం ఎక్కువ చేశాను.

నిన్న మధ్యాహ్నం వచ్చాడు.
అందరి జేబుల్లోకీ ఫోన్లొచ్చాక
కెమెరా అమ్మేశాడట, కొట్టు ఎత్తేశాడట.
పింఛను కాయితానికి ఫొటో కావాలన్నాడు.
స్టూలు మీద కూర్చున్నాడు.
మెడ బోసిగా ఉంది,
పట్టీ ఒరిసిన చోట నల్లటి చార.
గోడకేసి చూశాడు. చాలాసేపు.
"పిట్ట బాగొచ్చింది," అన్నాడు.

గడ్డం కాస్త ఎత్తమన్నాను.
ఎత్తాడు.
కెమెరా అనేది మొహానికి అడ్డం పెట్టుకునే వస్తువు కూడానని
ఇన్నేళ్లకి తెలిసింది.

ఎంతయిందన్నాడు.
చిల్లర కోసమన్నట్టు సొరుగు లాగాను.
మూలన ఆ కార్డు వేలికి తగిలింది.
సొరుగు మూసేశాను.

"నలభై," అన్నాను.