క్యూ తోక

హాలిఫాక్స్‌లో వాన వదలని మంగళవారం
ఈనిడ్ థాక్రే చెక్క సొరుగు లాగింది.
అక్షరాలు. బొద్దుగా, నల్లగా,
ఏళ్ల తరబడి సిరా తాగి బరువెక్కినవి.

"చూడు, నిలువు గీత నడుం దగ్గర సన్నం,
కొసకొచ్చేసరికి విచ్చుకుంటుంది."
సన్నాయి మూతిలా, అన్నాను.
ఆవిడ సన్నాయి చూళ్లేదు. అయినా తలూపింది.

ఇది కబుర్లు చెప్పే అక్షరం కాదట.
చిన్న సైజులో పెడితే ఊపిరాడదు,
పక్కదాని కాలు తొక్కుతుంది.
మాంసం కొట్టు బోర్డుకు సరే,
మార్మలేడు సీసాకు సరే,
వీధి అవతల పోయే మనిషిని
ఇవతల నుంచి ఆపాలంటే మాత్రం దీన్నే పిలవాలి.

మాకు కావలసిందీ అదే.
కౌన్సిల్ మూసేస్తున్న ఈతకొలను కోసం
ఒక్క పోస్టరు, ఒక్క మాట: పూల్.
రెండు 'ఓ'లు కావాలి. ఉన్నది ఒకటే.
రెండోదాన్ని డెబ్బై ఆరులో ఎవరో
టీ కప్పు కింద పెట్టుకోడానికి పట్టుకెళ్లారు.

ఈనిడ్ 'క్యూ' తీసింది.
కాసేపు బొటనవేలితో తోక నిమిరి
సన్న రంపం అందుకుంది.

"టిక్కెట్ల కిటికీ దగ్గర
క్యూ లేక ఏడాదైందిగా" అంది
పొట్టు ఊదేస్తూ.

అచ్చయ్యాక చూస్తే రెండో సున్న అడుగున
చిన్న మొండి గుర్తు,
దూకే ముందు
బల్ల అంచున ఆగిన మడమలా.