పక్కు కట్టని పుండు

సల్వాలో ఈ వీధి చివర సముద్రమే.
అయినా ఈ ఇంట్లో మేం
సంచిలో ఉప్పు తెచ్చి సముద్రం కలుపుకుంటాం,
బకెట్టుకు ఇన్ని గరిటెలని కొలిచి.
మొదట్లో నవ్వొచ్చేది నాకు.
సంగటి గెలికిన చెయ్యి ఇది,
దీనికి సముద్రం గెలకడం ఒక లెక్కా అని.

ఆ పొద్దు అద్దానికి పట్టిన పాచి గీకుతుంటే
మోచెయ్యి తగిలింది.
రాయి మీంచి రాయి జారింది.
ఆకుపచ్చ వేళ్లతో ఎప్పుడూ
ఎవర్నో రమ్మంటున్నట్టు ఊగేదే, అది
పిడికిలి బిగించుకుంది.
ఒక పక్క కండ చీలి
పాలపన్నంత తెల్లగా ఎముక బయటపడింది.

పువ్వనుకున్నా ఇన్నాళ్లూ.
పువ్వుకు ఎముకుంటుందా?

నలభై దినార్లని మామా ఫౌజియా
ఎవరితోనో ఫోన్లో అనింది ఒకసారి.
నలభై అంటే నా లెక్కలో
పన్నెండు రోజుల అంట్లు.

మిషాల్ బడి నుంచి వచ్చేసరికి
తడి చేతుల్తో అట్లే నిలబడి ఉన్నా.
పదిహేనేళ్ల పిల్లోడు. తిట్టలేదు.
వంగి చూసి, "మర్జాన్," అన్నాడు, "బతికే ఉంది."

మర్జాన్.
ముబారకియా బజార్లో నా తాడు మళ్లీ గుచ్చేటప్పుడు
దుకాణం ముసలాయన
నల్లపూసల నడుమ రెండు పగడాల్ని వేలితో జరిపి
అన్న మాట అదే.
చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు,
ఇనుము తగలకూడదంట.
అయోడిన్ చుక్కలు, పలచని డికాషన్ రంగొచ్చేదాకా.
నేను డబ్బా పట్టుకున్నా, వాడు ముంచాడు.
చచ్చిన కండ గోధుమరంగు జిగురై విడిపోయింది.
కంపు కొట్టింది.
పుండు యాడైనా పుండు కంపే కొడుతుంది.

తర్వాత దాన్ని మూలకు మార్చాడు,
వెలుగు తక్కువున్న చోటికి.
అల పుట్టించే మోటారు తగ్గించాడు.
బాలింతను చీకటి గదిలో పెట్టినట్టుందిరా అన్నా తెలుగులో.
వాడికేం అర్థమైందో, తలూపాడు.
ముట్టుకోవద్దు, అన్నాడు.

ఆ ఒక్క మాటే కష్టమైంది.
నాకు తెలిసిన చూసుకోవడమంతా
ముట్టుకునే చూసుకోవడం.
పెద్దామెకు కాళ్లు పిసికేది, తలకు నూనె పెట్టేది,
జరమొస్తే నొసట చెయ్యి ఆనించేది.
చేతులు కట్టుకుని చూసుకోవడం
నలభై రెండేళ్లకు నేర్చుకున్నా.

ఇల్లంతా పండుకున్నాక నీలం దీపం ముందు కూర్చుని
డ్రాపర్‌తో పథ్యం పెట్టేదాన్ని,
గోరులో పట్టేంత రొయ్యపిల్ల తునకలు.
తినేది కాదు.
తునకలు పక్కకు తేలిపోతే
సన్యాసి పీత వచ్చి ఎత్తుకుపోయేది,
దానికి మాత్రం రోజూ పండగ.

మనకైతే పక్కు కడుతుంది,
దురద పెడుతుంది, గోకి తిట్లు తింటాం.
దీనికి పక్కు కట్టదు.
పదిహేడో రాత్రి చూస్తే
అంచు నుంచి కండ పాకుతోంది.
తుడిచిన బండ మీద తడి ఆరిపోయేది
రోజూ చూస్తానే, దానికి ఇది తలకిందులు,
ఆరిన ఎముక మీదికి తడి ఎక్కుతోంది.

మా భాషలో మాను అంటే చెట్టు,
పుండు తగ్గినా మానిందంటాం,
అలవాటు వదిలినా మానిందంటాం
అని మిషాల్‌కు చెప్పబోయా.
నా అరబ్బీకి అంత అతుకు పడలేదు.

కొంచెం ఎముక ఎముకగానే మిగిలిపోయింది.
దాని మీద వంగపండు రంగులో
సున్నం పొర పట్టింది.
పక్కన రెండు వేళ్లు, పొట్టివి, పైకి లేచాయి.

స్నానానికి తాడు తీసినప్పుడల్లా
ఆ రెండు పూసల్నీ ఇప్పుడు దీపం దగ్గర పెట్టి చూస్తా.
ఎంత నున్నగా గీకారో.
ఎవరి చేతులో.

మామా ఫౌజియాకు ఇంకా చెప్పలేదు.
అడిగితే చెప్తా.
అద్దం గీకేటప్పుడు మోచెయ్యి
కడుపుకు ఆనించుకుంటున్నా,
ఆ మూల మాత్రం గీకడం లేదు.
పాచి పడితే పట్టనీ.