ఆగి ఆగి

ఎనుమాముల మార్కెట్ల, మిర్చి అడ్తిల
కంప్యూటర్‌కు నత్తి వట్టింది.
తక్‌పట్టీ సగం కొట్టంగనే
తెర మీద బాణం బిగుసుకపోతది,
నాలుగు లెక్కవెట్టేదాక ఉండి మల్ల ఉరుకుతది.

ర్యామ్ మార్చిన.
ఫ్యాన్ల ఎర్రదుమ్ము ఊది తుమ్మి తుమ్మి సచ్చిన.
విండోస్ కొత్తది ఎక్కిచ్చిన.
నేను కూసున్నంతసేపు బుద్ధిమంతునోలె నడుస్తది,
బండి స్టార్ట్ చేస్తనో లేదో, ఫోన్.

తాలుకాయ ఏరే కొమ్రక్క చెప్పింది:
"బస్తా దబ్బున వడ్డప్పుడల్లా
గా డబ్బా ఉలిక్కిపడ్తున్నది సారూ."

విప్పి చూస్తే
హార్డ్ డిస్కు వైరు, ఎంట్రుకవాసి వదులు.
వేలుతోని ఒత్తిన. టిక్.

ఇగ బస్తాలెన్ని వడ్డా తెర ఆగలే.
తక్‌పట్టీ గలగలా బయటికొచ్చింది.
ధర కాడ
నర్సంపేట సారంగం వేలు మాత్రం
చానాసేపు కదలలే.