తోమిన పిస్తోలు

ఊలు మేజోడులోంచి తీసి బల్ల మీద పెట్టింది.
కడిగిన ముత్యంలా ఉంది.
నా గుండె అక్కడే జారిపోయింది.

"రాత్రంతా తోమానండీ," అంది నోయెల్లా కునాస్,
గోళ్ల సందుల్లో ఇంకా బూడిదరంగు.
"ఉక్కు పీచుతో. మురికిగా తెస్తే
మీరేమనుకుంటారోనని."

లియేజ్‌లో వాన. మ్యూజ్ నది మీద కంకర పడవ ఒకటి
నా కిటికీని ఈ చివర్నుంచి ఆ చివరికి
నింపాదిగా తుడుచుకుంటూ పోతోంది.
నేనేమీ అనలేదు. భూతద్దం తీశాను.

ముందు ముద్ర.
గొట్టం కింద కోడిగుడ్డు ఆకారం, లోపల మూడక్షరాలు,
అడుగున చుక్క. పైన కిరీటం లేదు.
మా వృత్తిలో కిరీటం లేనివాడే పెద్దవాడు.
అది పద్దెనిమిదివందల తొంభై మూడులో వచ్చింది,
ఇది అంతకు చాలా ముందే
పరీక్షగదిలో రెట్టింపు మందు మింగి
పగలకుండా బయటపడ్డ పిల్ల.

గొట్టం మరతో ఊడాలి. ఊడింది.
సుత్తి సగానికి లాగితే ఆగాలి. ఆగింది.
ఇంకాస్త లాగితే టక్కుమంది,
మాట తడబడని ముసలిదానిలా.
కడుపులో మడుచుకున్న ట్రిగ్గర్
పిల్లిగోరులా కిందికి దిగింది.
మరల తలల మీద గాడులు పదునుగానే ఉన్నాయి,
ఎవరూ విప్పి కెలకలేదు.
అదొక్కటే వంద యూరోలు.

ఇక చర్మం.
పక్కరేకుల మీద ఉండాల్సిన రంగులు,
నీటి మీద నూనె తెట్టులా ఊదా, ఎండుగడ్డి, పొగ,
ఎవడో పనివాడు ఎముకల బొగ్గులో కాల్చి
చన్నీళ్లలో ముంచి రప్పించినవి,
నిన్న సాయంత్రం దాకా ఉండే ఉంటాయి.
చెక్కిన తీగలూ ఆకులూ
వాడిన సబ్బుబిళ్ల మీద పేరులా మిగిలాయి.
నూటడెబ్బై ఏళ్లు చేయలేని పని
ఒక్క రాత్రిలో ఒక మర్యాద చేసింది.

గొట్టంలోకి దీపం వేసి చూశాను.
అక్కడ ఆమె వేలు పట్టలేదు.
అక్కడ మాత్రం తుప్పు, దాని వయసు దానికి.

"ఎంతొస్తుంది?"
"ఉండండి."

పిడి వాల్‌నట్ కర్ర. దాన్ని తోమలేదు, అదృష్టం.
ఎడమవైపు బియ్యపుగింజలంత నొక్కులు మూడు,
పక్కపక్కనే.
కింద పడితే ఇలా పడవు.

"మా లాంబెర్‌వి," అంది.
"పళ్లొచ్చేటప్పుడు ఏడుపు ఆపడానికి
నాన్న ఇదే చేతికిచ్చేవాడు. అమ్మ తిట్టేది.
ఇప్పుడు వాడి కట్టుడుపళ్ల కోసమే అమ్ముతున్నా."
నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత చీటీ మీద రాశాను:
పిడి, నొక్కులు మూడు, తగ్గింపు యాభై.
కొనేవాడికి లాంబెర్ ఏమవుతాడు?

"మూడువందల ఇరవై," అన్నాను.
తోమకపోతే ఆరువందలని చెప్పలేదు.
ఇరవయ్యారేళ్లుగా ఈ బల్ల వెనక
అబద్ధమాడింది లేదు.
మింగేసిన నిజాన్ని ఏ గడిలో రాయాలో
ఈ చీటీలో లేదు.

నోట్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.
గుమ్మం దాకా వెళ్లి, గొడుగు సగం తెరిచి,
వెనక్కొచ్చింది.

"ఆ మేజోడు ఇచ్చేయండి.
దాని జత ఇంట్లో ఉంది."