ఇతరములు

బ్రాడీపేట నాలుగో లైన్లో నెట్ సెంటరు.
"నువ్వు చెప్పక్కా, నే కొడతా" అన్నాడు యాకోబు.
పేరు: షేక్ మస్తాన్‌బీ.
వయసు: ముప్పై ఒకటి.
కోర్సు: ఫిజీషియన్ అసిస్టెంట్, రెండేళ్ళు.
డిగ్రీ చదివిన విధానం దగ్గర
బాణం గుర్తు ఆగింది.
రెగ్యులర్ ఉంది. ఇతరములు ఉంది.
ఆన్‌లైన్ అన్న మాట ఎక్కడా లేదు.
మొన్న ఫోన్ చేసి అడిగితే
"పరిశీలిస్తాం" అని పెట్టేశారు.

"ఇతరములేగా?" అన్నాడు,
ఇంకెవరి గురించో అడిగినట్టు.

నా కాలేజీ కొత్తపేటలో,
నర్సింగ్ హోం మెట్ల కింద స్టోర్ రూము.
సెలైన్ పెట్టెలు రెండు పేరిస్తే బల్ల,
ఒకటి తిరగేస్తే కుర్చీ.
కెమిస్ట్రీ ల్యాబు ఫోన్లోనే.
వేలితో ముడితే పరీక్షనాళిక ఒంగేది,
నీలంరంగు వచ్చేది, వాసన వచ్చేది కాదు.
వాసనలన్నీ తలుపుకి ఇవతలే:
ఫినాయిలు, పాత కట్లు,
యార్డు వైపు నించి గాలి మళ్ళితే మిరప ఘాటు.
తుమ్మి, పాఠం వెనక్కి జరిపి, మళ్ళీ వినేదాన్ని.

గుండెకి నాలుగు గదులని తెర చెప్పింది.
మా నర్సింగ్ హోంకి పదకొండు.
రాత్రి రెండింటికి ప్రతి గదిలోనూ
ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.

మూడో సెమిస్టరు, ఫిజియాలజీ పరీక్ష.
కెమెరా ముందు నించి ముఖం కదపరాదని
తెర మీద ఎర్రక్షరాలు.
పదిహేడో ప్రశ్న దగ్గర ఆటో ఆగిన చప్పుడు,
వెనకే ఆడమనిషి కేక.
ప్రత్తిపాడు వైపు కుర్రాడు, పత్తిచేను మందు తాగాడు.
నోటెంట నురగ.
టార్చి వేస్తే కంటిపాప ఆవగింజంత.
డాక్టరుగారు మేడ దిగేసరికి
చొక్కా కత్తిరించి, ఒళ్ళు కడిగి,
లోపలికి జారిపోయిన నరాన్ని దొరకబుచ్చుకుని
సూది పెట్టి ఉంచాను.
ఆ రాత్రి ఎన్ని అట్రోపిన్ సీసాల మెడలు విరిచానో
లెక్క లేదు.
పాప కొంచెం కొంచెంగా విచ్చుకుంది.
స్టోర్ రూంలోకి తిరిగి వెళితే
ఫోన్లో ఒకటే వాక్యం:
అభ్యర్థి కనబడుట లేదు.

అందుకే మార్కుల జాబితాలో
ఫిజియాలజీ ఎదురుగా ఓ చుక్క,
అడుగున చిన్నక్షరాల్లో రెండో ప్రయత్నం.
ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని
బస్సులో, బాత్రూంలో, ఆరు రకాలుగా చెప్పుకుని చూశాను.
ఎట్లా చెప్పినా గొప్ప చెప్పుకున్నట్టే ఉంది.
పైగా ఆ కుర్రాడు బతికాడో లేదో తెలీదు నాకు.
తెల్లారగానే పెద్దాసుపత్రికి పంపేశారు.

సిఫారసు ఉత్తరం మీద డాక్టరుగారు
చదవకుండానే సంతకం పెట్టారు.
పెన్ను మూత పెడుతూ
"మరి రాత్రి డ్యూటీకి ఎవరమ్మా?" అన్నారు.

"అక్కా, రోగుల దగ్గర పనిచేసిన గంటలెన్ని?"
రాత్రికి పన్నెండు.
నెలకి ఇరవయ్యారు రాత్రులు.
ఆరేళ్ళు.
యాకోబు కాలిక్యులేటరు నొక్కాడు:
ఇరవై రెండు వేల నాలుగొందల అరవై నాలుగు.
ఆ గడిలో నాలుగంకెలే పడుతున్నాయి.
నాలుగు తొమ్మిదులు కొట్టాడు.
"మరి మిగతాయి?"
"ఊరికే చేశాననుకో అక్కా."
ఇద్దరం నవ్వాం. నాది ముందు ఆగింది.

ఇతరములు నొక్కాం.
పన్నెండొందలు కట్టాం.
వెచ్చగా బయటికొచ్చిన రసీదుని
టిఫిను సంచిలో, అన్నం తగలకుండా,
చీటీల మధ్య పెట్టుకున్నాను.

ఎనిమిదింటికి డ్యూటీ.
ఏడో గదిలో కొత్తగా చేరిన ముసలావిడ,
చెయ్యంతా పొడిచిన నీలాలు.
నన్ను పైనించి కిందకి చూసి
"నువ్వు డాక్టరమ్మవా, నర్సమ్మవా?" అంది.

"ఇతరములమ్మా" అన్నాను.
అర్థం కాక నోరు తెరిచింది.

పిడికిలి బిగించు.
ఆఁ, అంతే.
ఇక వదులు.