త్రాసు ముల్లు

హకొదాతె చేపల బజారులో
ముప్ఫై ఏళ్ళుగా తూకం నాదే.
పళ్ళెం మీద వేలు పెట్టి ఎరగను.

ఆ ఏడు హొనోకకి పదమూడు.
నగరపాలిక పంపిన నీలం కవరు
విప్పి, టీవీ పక్కన పెట్టాను.
టీవీలో ఎవరి పిల్లో, చక్రాల కుర్చీలో,
కాళ్ళు తన మాట వినక కొట్టుకుంటున్నాయి.
సూది వల్లేనన్నారొకరు. రుజువు లేదన్నారింకొకరు.
వాళ్ళమ్మ ఏమీ అనలేదు,
దుప్పటి సర్దింది.

ఆ దుప్పటి అంచొక్కటే ఒకవైపు మొగ్గింది.
కవరు సొరుగులోకి పోయింది.

రెండోవైపు ఏముంది కనక?
రాని జబ్బుకి బరువెక్కడిది?
పక్క కొట్టు ముత్సుమి
"మళ్ళీ రక్తం కనబడింది, వయసు అలాంటిదిలే" అంటూ
మంచుగడ్డలు పగలగొట్టేది.
నలభై ఒకటో ఏట పోయింది.
ఆవిడ కత్తి ఇప్పుడు నా దగ్గరుంది.

నిన్న సప్పొరో నుంచి హొనోక ఫోను.
ఇరవై నాలుగేళ్ళది, తనే వెళ్ళి వేయించుకుందట.
చెయ్యి లాగుతోందట.
కళ్ళు తిరుగుతాయేమోనని కాసేపు కూర్చోబెట్టారట.
"ముందే అయితే ఇంకా మంచిదట అమ్మా.
అన్నిటినీ ఆపదట, పరీక్షలు మానకూడదట."
సొరుగు సంగతి అడగలేదు.

అడిగితే ఏం చెప్పేదాన్ని?
ఆ పిల్ల వణుకు అబద్ధం కాదు.
నా భయం అబద్ధం కాదు.
కంటికి కనబడిందే తూచాను, అంతే.

పొద్దున్న స్క్విడ్ తూస్తుంటే
ముల్లు ఎంతకీ నిలబడదు.
కొనే ముసలాయన దగ్గాడు.
చూసుకుంటే
పళ్ళెం అంచున
నా వేలు.