జేబు మీది పేరు

అల్ ఖోర్‌ల చేపల మార్కెట్ ఎనుక గల్లీల
ఒక్క మిషన్ పట్టేంత దుకాణం నాది.
షట్టర్ సగం లేపితే
సగం ఊరు కనబడుతది.
మిగిలిన సగం డ్యూటీల ఉంటది.

ఈ ఊరికి పంచాంగం లేదు.
ఉత్తరం దిక్కు మంటను చూసి చెప్పుకుంటం.
సన్నగుంటే ప్లాంటు చల్లగున్నట్టు.
రాత్రి రెండింటికి గోడ మీద నా నీడ ఎగిరిందంటే
అక్కడేదో అడ్డం పడ్డట్టు,
తెల్లారి బస్సులు ఆలస్యమైనట్టు,
ఖయ్యూం హోటల్‌ల పరోటాలు మిగిలినట్టు.

షట్‌డౌన్ వస్తే నాకు గిరాకీ.
నలభై రోజులు ఏడేడి మనుషులో దిగుతరు,
కవరాళ్ళు సంచులల్ల మోసుకొని.
నారింజ రంగు స్కాఫోల్డింగోళ్ళది,
నీలం పైపులోళ్ళది,
బూడిద రంగు ఎవరిదో తొడుక్కున్నోళ్ళకే తెల్వది.
లూజు తగ్గించాలె. కాళ్ళు కత్తిరించాలె.
ఎడమ జేబు మీద ఇంగ్లీషుల పేరు కుట్టాలె.
జేబు పొడుగు తొమ్మిది అక్షరాలు.
లోక్ బహదూర్ వట్టి లోక్ అయితడు,
సత్యనారాయణ సత్య కాడ ఆగిపోతడు,
రెనాటో ఒక్కడు కోయకుండ పడుతడు.
దారం నిప్పంటుకోని దారం, శానా పిరం.
పేరు కాలదని డబ్బా మీద రాసుంది.
మనిషి సంగతి రాయలే.

శుక్రవారం అసర్ నమాజు అయినంక
గానిం ముసలాయన వస్తడు, తెల్ల తోబు అంచు వేయించుకోను.
వాళ్ళ నాయిన ముత్యాలకు మునిగేటోడట.
ఏసీ నీళ్ళ బకెట్ పక్కన కూసొని
మడ చెట్ల దీవి దిక్కు వేలు చూపిస్తడు.
ముత్యాల కంటే ముందు, ఈ గ్యాస్ కంటే శానా ముందు
అక్కడ నత్తలను పగలగొట్టి ఊదా రంగు తీసేటోళ్ళట.
కుప్పలు కుప్పలు చస్తే ఒక్క అంగీ తడిసేదట.
రంగు రాజుకు పోయేది,
వాసన చేతులకు ఉండేదట.
సిరిసిల్లల సాంచ నడిపినోన్ని,
రంగు ముచ్చటొస్తే నా చెయ్యి ఆగుతది.
వాళ్ళ పేర్లేమన్న తెలుసా అని అడిగిన.
ముసలాయన నవ్విండు:
ఆ రాజు పేరే ఎవనికీ తెల్వది, నువ్వు అంచు కుట్టు.

మొన్న ఫోర్‌మన్ మూడు నీలం కవరాళ్ళు తెచ్చి పడేసిండు.
ఉతికినయే, మడత పెట్టినయే.
పాత పేరు పీకి కొత్తోనిది వెయ్యమన్నడు.
లింబాద్రి.
నా కుట్టే. నడుమ అక్షరం కాడ దారం తెగితే
ముడేసింది యాదికొచ్చింది.
ఆయన ఏమాయె అన్న.
క్యాన్సిల్ అన్నడు.
ఇంటికి పోయినా క్యాన్సిలే.
ఇంటికి పోకున్నా క్యాన్సిలే.
ఆ ఒక్క మాటకు ఈడ ఎన్ని జేబులో.

ఇంకోటి అడగలే. అడగొచ్చు గని,
కరెంటు పోయేటట్టు ఉండె, పని మిగిలి ఉండె.

సూది మొనతోని ఒక్కో పోగు లేపిన.
రెండేండ్ల ఎండకు గుడ్డంత వెలిసిపోయింది,
అక్షరాల కింద మాత్రం
బేల్ ఇప్పిన నాటి నీలం అట్లనే ఉంది.
దారం తీసినంక
పేరు ఇంకింత మంచిగ కనబడ్డది.

కొత్తోడు అజ్మల్. ఐదు అక్షరాలు.
ఎనిమిదింటి మీద ఐదింటిని ఎట్ల పరిచినా
ముందు ఒకటి, ఎనుక రెండు
బయటికే వస్తయి.
పట్టీ వేసి కప్పాలె, రెండు రియాళ్ళు ఎక్కువైతది అన్న.
వద్దన్నడు ఫోర్‌మన్.

సందెల అజ్మల్ వచ్చిండు.
ఉత్తరాన మంట సన్నగ ఉంది.
మీసం సరిగ రాని పోరడు,
నా చిన్న అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి
భుజాలు సరిపోయినయ్ భాయ్ అన్నడు.